తీతువు అరిస్తే వచ్చేది మనిషే: దెయ్యాల సినిమాలు తీసేవారికి గోదావరి లంకల నుంచి బహిరంగ లేఖ

తెలుగులో హారర్ సినిమాలు రాసేవారికి, తీసేవారికి, వాటి మీద డబ్బు పెట్టేవారికి,

నమస్కారమండి.

మేము ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల పక్క ఊళ్ళవాళ్ళం. మాలో శబ్దం పట్టేవాళ్ళున్నారు, లైట్లు మోసేవాళ్ళున్నారు, మీ యూనిట్లకు ఇళ్ళూ తోటలూ పడవలూ చూసిపెట్టేవాళ్ళున్నారు, టౌన్లలో ప్రొజెక్టర్ నడిపేవాళ్ళున్నారు, ఆసుపత్రి పని తెలిసినవాళ్ళు ఒకరిద్దరున్నారు. ఇందులోని సంగతులే ఇంతకుముందు ఉత్తరంగా రాసి పరిశ్రమ పెద్దలకు పంపాం. ముట్టిందన్న కబురు కూడా రాలేదు. అందుకని ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం. మీ కష్టం మీద మాకు గౌరవం ఉంది. మర్యాదలు ఇక్కడితో చాలించి విషయానికి వస్తాం.

మా ప్రాంతాన్ని మీరు రెండు రకాలుగా వాడుకుంటున్నారు. పెళ్ళి పాట కావాలంటే కొబ్బరితోట, కాలవ, ఏరు దాటించే పంటు. దెయ్యం కావాలంటే అదే కొబ్బరితోట, రాత్రిపూట, నీలం లైటు. మొదటిదానితో మాకు పేచీ లేదు. రెండోదానిలో మీరు భయాన్ని తీసుకెళ్ళి పెట్టే చోటుతోనే పేచీ. పాడుబడ్డ పెంకుటింట్లో పెడతారు, తోట చివరి నూతిలో పెడతారు, జుట్టు విరబోసుకున్న ఆడమనిషిలో పెడతారు. భయం అసలు ఉన్నచోట మాత్రం కెమెరా పెట్టరు.

తీతువు పిట్ట సంగతే చూడండి. రాత్రి అది అరుస్తూ ఇంటి మీదుగా పోతే అశుభమంటారు మా దగ్గర. ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. చేలో, గట్టు వారన, ఒట్టి నేల మీద గుడ్లు పెడుతుంది. దగ్గర్లో అడుగుల అలికిడైతే చాలు, పగలనకా రాత్రనకా లేచి గోల పెడుతుంది. అంటే నడిరాత్రి తీతువు అరిచిందంటే ఆ చీకట్లో ఏదో, ఎవరో, గట్టు మీద నడుస్తున్నట్టు లెక్క. నక్క అయితే పోనీ. మనిషైతే ఆ వేళప్పుడు ఎవరు, ఎవరింటికి, దేనికి? సినిమా అక్కడ మొదలు కావాలి. మీరు పిట్టను చూపించి, దాని మీద తోడేలు ఊళ వేస్తారు. కోనసీమలో తోడేలు ఎక్కడిదండీ? కోరంగి మడ అడవుల్లో నక్కలున్నాయి, నీటిపిల్లులున్నాయి. వాటి గొంతులు పట్టుకోవడానికి ఒక మైకు, ఒక రాత్రి, దోమల మందు చాలు.

కొరివి దెయ్యమూ అంతే. పొలాల్లో కదిలే దీపం పట్టుకున్నవాడు చేపలకు పెట్టిన మావులు చూసుకునేవాడో, పీతలకు వెళ్ళినవాడో, పక్కవాడి చెరువు మీద కన్నేసినవాడో అయి ఉంటాడు. మా పెద్దలు దెయ్యమని చెప్పి పిల్లల్ని లోపల పడుకోబెట్టింది ఆ మూడోవాడి గురించేనేమో.

ఇక మీ పనితనం గురించి. తెలుగులో భయమనే ఈ ఒక్క వ్యవహారానికి ఎన్ని మాటలున్నాయో చూడండి: ఉలికిపాటు, బెదురు, జంకు, గుబులు, హడలు, జడుపు. మీ సినిమాలు మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాయి. ఉలికిపాటు ఎలా తయారవుతుందో మాకు బాగా తెలుసు, ఆ ట్రాకులు మోసేది మాలాంటివాళ్ళే. ముందు సంగీతం తీసేస్తారు. ఎనిమిది, పది సెకన్లు ఫ్యాను చప్పుడో గడియారం చప్పుడో మాత్రం ఉంచుతారు. పాత్ర మంచం కిందికి వంగి చూస్తుంది, ఏమీ ఉండదు, ఊపిరి వదులుతుంది. వెనక్కి తిరగ్గానే ముఖం, ఆ ముఖం పడిన ఫ్రేములోనే అన్ని స్పీకర్లలోనూ ఢామ్మని ఒక దెబ్బ. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. పెద్ద చప్పుడుకు కనురెప్ప పడటానికి ఇంచుమించు అంతే పడుతుంది. మీ దెయ్యం ఎవరో బుర్రకెక్కేలోపే ప్రేక్షకుడి రెప్పా, మెడా, భుజాలూ తమ పని చేసేశాయన్నమాట. పక్కన సైకిలు ట్యూబు పేలినా ఇదే జరుగుతుంది. పైగా ఇది చేసిన కొద్దీ మొద్దుబారే స్పందన. అందుకే ఇంటర్వెల్ దాటాక మొదటి దెబ్బ సరిపోక, అయిదో దెబ్బను ఇంకా పెంచాల్సి వస్తుంది. డబ్బిచ్చి కొన్న టికెట్టుకు చెవి పోటు.

హాలులో ఏమవుతుందో కూడా వినండి. మిక్సింగ్ గదిలో సౌండు ప్రాసెసర్ మీట 7 మీద ఉంచి, తెర వెనక ఒక్కో చానల్‌ను 85 డెసిబెల్లకు సరిచూసి కలుపుతారు. మా టౌన్లలో ఆ దెబ్బలకు చంటిపిల్లలు ఏడుస్తున్నారని, స్పీకర్లు పోతాయని మీటను 5కు దించుతారు. ఆరేడు డెసిబెల్లు పోతాయి. దెబ్బ అప్పటికీ వినిపిస్తుంది. వినిపించకుండా పోయేది గుసగుస. వదిన అన్నతో చెప్పే మాట, పక్క గదిలో కాగితం చిరిగిన చప్పుడు, తలుపు గడియ మెల్లిగా పడిన చప్పుడు, ఇవన్నీ పోతాయి. మనిషి మీద అనుమానం పుట్టేది వాటి దగ్గరే.

మనుషుల మీద నడిచిన భయం సినిమాలు మనకు కొత్త కాదు. 1967లో బాపు, ముళ్ళపూడి వెంకటరమణ గోదావరి ఒడ్డున పులిదిండిలో 'సాక్షి' తీశారు. పడవ నడుపుకునేవాడు ఒక హత్య చూస్తాడు, నిజం చెబుతాడు, తర్వాత హంతకుడు తన కోసం వస్తున్నాడని తెలిసి ఊళ్ళో సాయం అడుగుతాడు. ఒక్కొక్కరే తప్పుకుంటారు. అందులో దెయ్యం లేదు, దాన్ని ఎవరూ హారర్ అనరు. అయినా నిన్నటిదాకా పలకరించిన ఊరు ముఖం చాటేసిన క్షణం కన్నా జడుపు పుట్టించే సీను ఈ డెల్టాలో ఎవరూ తీయలేదని మా అభిప్రాయం. ఆ మరుసటేడు, 1968లో, అమెరికాలో జార్జ్ రొమేరో లక్ష డాలర్లకు కాస్త పైన ఖర్చుతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. బయట శవాలు నెమ్మదిగా నడుస్తుంటాయి. లోపల తలుపులు బిగించుకున్నవాళ్ళు నేలమాళిగలోకి దిగాలా వద్దా అని కొట్టుకుంటారు. రాత్రంతా బతికి బయటపడ్డ ఒక్క మనిషినీ తెల్లారాక తుపాకులతో వచ్చిన మనుషులే కాల్చేస్తారు. 1985లో మన వంశీ తీసిన 'అన్వేషణ'లో అడవిలో చావులన్నీ పులి మీద పడతాయి, వెనక మనిషి ఉంటాడు. 2018 నాటి 'తుంబాడ్'లో రాక్షసుడు ఉన్నాడు, నిజమే. కానీ వాడు తన గుంటలో వాడు ఉంటాడు. బంగారు నాణేల కోసం తాడు కట్టుకుని అక్కడికి దిగేది మనిషి, తర్వాత కొడుక్కి ఆ దిగడం నేర్పేదీ మనిషే. రాక్షసుడు వద్దని మేం అనడం లేదు. రాక్షసుడు పనిముట్టు, దాన్ని పట్టుకున్న చెయ్యి కనబడాలి.

మా దగ్గర అలాంటి చేతులకు కరువు లేదు. వరద తీసుకోండి. అందులో ఉలికిపాటుకు చోటే లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75. పైన పెరిగిన నీరు కిందికి చేరడానికి గంటలకు గంటలు పడుతుంది. వస్తోందని అందరికీ తెలుసు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 వచ్చింది. స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళకు ఇంతకన్నా మంచి గడియారం ఎవరిస్తారు?

ఆ గడియారం కింద ఒక లంకను పెట్టండి. నలభై గడపలు, ఒక ఇంజను పడవ, ఒకే ఒక్క డాబా. మొదటి హెచ్చరికకు అందరూ ఒకటే, ఒకరి సామాను ఒకరు అటకెక్కిస్తారు. రెండో హెచ్చరికకు లెక్కలు మొదలవుతాయి. పడవ ఎవరిది, డీజిలు ఎవరు పోయించారు, ముందు గేదెలా మనుషులా, ఏ వీధివాళ్ళు ముందు? డాబా ఆసామి మెట్ల తలుపుకు తాళం వేసి, "పైన ధాన్యం ఆరబోశామండీ, తొక్కేస్తారు" అంటాడు. అబద్ధం కూడా కాదు, పైన ధాన్యం నిజంగానే ఉంటుంది. మూడో హెచ్చరిక వేళకు పాకలో పలుపు తెంచుకోలేని గేదె అరుపూ, డాబా మీద పేకాటలో నవ్వులూ కలిసి వినిపిస్తాయి. నీళ్ళు తీశాక ఒక ముసలామె లెక్కకు రాదు. "మీతో ఎక్కిందనుకున్నాం" అని ప్రతి ఇంటివాళ్ళూ రెండో ఇంటివాళ్ళతో అంటారు. ఆ మాట మీద సంగీతం వెయ్యకండి, చాలు.

లేదా రొయ్యల చెరువు. రాత్రంతా ఏరియేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి, ఆ హోరులోనే కాపలావాడు నిద్రపోతాడు. వాణ్ణి లేపేది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం. నీటిలో ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉండాలి, అది అన్నిటికన్నా తగ్గేది తెల్లవారుజామున. ఆ వేళకు కరెంటు పోయి, జనరేటరు కూడా తిరక్కపోతే రొయ్య అంచులకు తేలుతుంది. సూర్యుడు వచ్చేసరికి కౌలూ, మేత అప్పూ, ఆడపిల్ల పెళ్ళీ అన్నీ నీటి మీద తెల్లగా ఉంటాయి. ఇప్పుడు జనరేటరు ట్యాంకులో నిన్న సాయంత్రం పోసిన డీజిలు లేదనుకోండి. మూత మాత్రం బిగించే ఉంది. ఆ ట్యాంకు ఎక్కడుందో తెలిసినవాళ్ళు ముగ్గురే, ముగ్గురూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఈ సీనుకు నీలం లైటు దేనికి? చేతిలో ఒక టార్చి, ఎదురుగా ఆ ముగ్గురి ముఖాలు.

చీకటి కూడా తప్పనిసరి కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి లేచిన మంట 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళకు రాత్రి లేకుండా పోయింది.

ఇదంతా రుచుల గొడవ అనుకుంటారేమోనని, మీరు భయానికి ఇచ్చే తప్పు చిరునామా వల్ల మామూలు జనానికి ఏం జరుగుతుందో వరసగా రాస్తున్నాం.

1. కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కనబడకపోవచ్చు. కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతి, తర్వాత రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి కండరాలు పడిపోవడం. రెప్పలు వాలి, నోట నురగతో, అర్థంకాని మాటలతో ఉన్న పిల్లను చూస్తే మీ సినిమా చూసినవాళ్ళకు ఏం గుర్తొస్తుందో మీకే తెలుసు. వేపమండలు తెచ్చి ఒక గంట, మంత్రగాడి కోసం రెండు గంటలు పోతే మిగిలేది తక్కువ. ఈ విషానికి విరుగుడు మందు సాధారణంగా పది వయల్స్‌తో మొదలుపెడతారు, ఊపిరి నిలపడానికి యంత్రం కావాల్సి వస్తుంది. రెండూ ఆసుపత్రిలోనే దొరుకుతాయి.

2. బాలింతలు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, తీవ్రమైన మతి చలనం వస్తుంది. నిద్ర ఉండదు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది, ఇది నా బిడ్డ కాదంటుంది. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కాబట్టి అదే రోజు డాక్టరుకు చూపించాలి. చూపిస్తే నయమవుతుంది. మీరు ఈ లక్షణాలన్నీ ఒక్కటీ వదలకుండా తెర మీద పెట్టి, కారణం దగ్గర మాత్రం నూతిలో పడి చచ్చిన సవతిని రాస్తారు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండి కదల్లేకపోవడమూ ఇలాంటిదే. కలల నిద్రలో ఒంటి కండరాలు పట్టు సడలి ఉంటాయి, మెలకువ ముందే వస్తే ఆ కాసేపు కదలిక ఉండదు. ఇది కొంతమందికి జీవితంలో ఒకసారైనా అనుభవమే.

3. నింద. చేతబడి, చిల్లంగి అన్న మాట ఊళ్ళో లేచాక అది డబ్బూ బలగమూ ఉన్నవాడి మీద ఎప్పుడూ పడదు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆడమనిషి మీద, పిల్లలు వదిలేసిన ముసలివాళ్ళ మీద, ఊరికి చివర ఉండేవాళ్ళ మీద పడుతుంది. కాస్త తవ్వితే దాని కింద ఆరు సెంట్ల స్థలమో, గట్టు తగాదానో, తిరిగివ్వని అప్పో ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యలకు కారణాలు రాసే పట్టికలో చేతబడికి ఈనాటికీ ఒక వరస ఉంది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద చట్టాలు చేశాయి. ఆ ఆరు సెంట్ల స్థలమే అసలు హారర్ కథ. మీరు ఆ ముసలామెకు పొడుగు గోళ్ళు పెట్టి, నింద వేసినవాడి పక్షాన నిలబడుతున్నారు.

4. మీరు వదిలి వెళ్ళే సామాను. పేకప్ చెప్పాక లైట్లు, కేబుళ్ళు లెక్కపెట్టి ఎక్కిస్తారు. తోటలో వేసిన ముగ్గు, కుంకుమ పూసిన నిమ్మకాయలు, మేకులు దిగ్గొట్టిన పిండిబొమ్మ, వెంట్రుకల చుట్ట మాత్రం అక్కడే వదిలేస్తారు. తెల్లారి కొబ్బరికాయల దింపుకు వచ్చినవాడి కంట పడుతుంది. సినిమావాళ్ళదని అందరికీ తెలియదు కదా. వాటి వెనక ఎవరున్నారన్న ప్రశ్న లేచి, పైన మూడో నంబరు దగ్గరికి పోతుంది. పది రూపాయల గోనెసంచీతో పోయే పని ఇది.

5. ఇళ్ళు. మండువా ఇల్లు దొరకడమే కష్టమైన రోజులివి. దెయ్యపుకొంప అన్న పేరు పడితే అద్దెకు ఎవరూ రారు, అమ్మితే ధర పలకదు.

పొగ తాగే సీను వస్తే తెర కింద హెచ్చరిక అక్షరాలు వేస్తారు, ముందూ మధ్యలో ప్రకటన వేస్తారు. జబ్బుపడ్డ పిల్లను స్తంభానికి కట్టి కొట్టే సీను కింద అలాంటిదేమీ ఉండదు. అలాగని అక్షరాలు వేయమని మేం అడగడం లేదు. వాటిని ఎవరూ చదవరు, ప్రొజెక్షన్ గది కిటికీ నుంచి చూసేవాళ్ళకు తెలుసు. మేం అడిగేవి వేరే ఉన్నాయి.

1. స్క్రిప్టు పూర్తయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి. దెయ్యాన్ని తీసేసి కథ చదవండి. ఎవరు ఎవరికి ఏం చేశారు, ఎంత డబ్బు కోసం, ఎంత నేల కోసం, ఎవరు చూసి ఊరుకున్నారు, ఇవి నిలబడితే దెయ్యాన్ని మళ్ళీ పెట్టుకోండి. ఏమీ మిగలకపోతే ఆ కథ షూటింగుకు సిద్ధంగా లేదు. ప్రతి పాత్రకూ రెండు సంగతులు రాయండి: వీడికి పోయేదేంటి, అది పోకుండా ఎంతవరకు దిగజారతాడు. రెండోదానికి జవాబు ప్రేక్షకుడు తన గురించి కూడా ఒప్పుకునేదిగా ఉంటే గుబులు దానంతటదే పుడుతుంది.

2. జబ్బు లక్షణాలు చూపిస్తే కథలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు 108కి ఫోను చెయ్యాలి. మతి చలనమైతే 14416 అనే ఉచిత నంబరు ఉంది, పాత్ర నోట పలికించండి. డాక్టరును వెక్కిరించి పంపేసే సీను మానేయండి. డాక్టరు వచ్చి, పరీక్షించి, అసలు కారణం చెప్పాక కూడా ఇంటివాళ్ళు పిల్లను పంపకపోతే అంతకన్నా భయంకరమైన సీను ఏముంటుంది?

3. ఒంటరి ఆడవాళ్ళను, ముసలివాళ్ళను, ఊరి చివర ఉండేవాళ్ళను చేతబడి చేసేవాళ్ళుగా చూపించడం ఆపండి. ఇందులో బేరం లేదు.

4. అమ్మవారి గరగలు (తలకెత్తుకుని ఆడే అలంకరించిన కలశాలు), వీరనాట్యం, జాతరలు మా ఊళ్ళ కళలు. గరగ చేతబడి సామాను కాదు. వాటిని తీయాలనుకుంటే కట్టేవాళ్ళను, ఆడేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని తీయండి, వాళ్ళకు పారితోషికం ఇవ్వండి, ఎడిటింగులో ఆ అడుగుల మధ్య నెత్తుటి షాట్లు కలపకండి.

5. సెట్టు మీద ప్రాణాలు. పొగ కోసం వాడే డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్ గడ్డ. ఒక కిలో కరిగితే 500 లీటర్ల పైచిలుకు వాయువు. అది గాలి కన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 వేల లీటర్ల గాలి ఉంటుంది. తలుపులు మూసి అయిదు కిలోలు వేడినీళ్ళలో వేశారంటే అందులో దాదాపు పదో వంతు ఈ వాయువే. ఆ మోతాదులో మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. మీరేమో ఆ పొగలోనే చిన్నపిల్లను నేల మీద పడుకోబెడతారు. షాటుకు, షాటుకు మధ్య కిటికీలు తెరవండి, నేల దగ్గర ఎవరినీ ఉంచకండి. ఆరుబయట తోటలో ఎలాగూ అది నిలవదు, సముద్రపు గాలి తిరిగిందంటే అయిదు నిమిషాల్లో పక్క ఊరికి పోతుంది. పిల్లల విషయంలో బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: జిల్లా మేజిస్ట్రేటు అనుమతి, రోజుకు 5 గంటలకు మించకుండా పని, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరున బ్యాంకులో. పల్లె పిల్లలైతే ఇవి వర్తించవని ఎక్కడా రాసి లేదు. రాత్రి పడవ షాటులో ఫ్రేములో కనబడని ప్రతివాడికీ లైఫ్ జాకెట్ ఉండాలి, కనబడేవాళ్ళ పక్కన ఈతగాడు ఉండాలి.

6. పేకప్ తర్వాత క్షుద్రపూజ సామాను లెక్కపెట్టి ఏరించి, ముగ్గులు కడిగించి, తోట యజమాని చేత సంతకం తీసుకోండి. ఇంటివాళ్ళతో ఒప్పందం కాగితం మీద రాయండి, ఊరి అసలు పేరు, వీధి, ఇంటి ముఖద్వారం గుర్తుపట్టేలా చూపించబోమని అందులో హామీ ఇవ్వండి.

7. ఫైనల్ మిక్సు అయ్యాక ఒకసారి మీట 5 మీద పెట్టి మామూలు టౌను హాల్లో వినండి. గుసగుస వినబడకపోతే దెబ్బలు తగ్గించి మాటలు పైకి తెండి. లొకేషన్లో ప్రతి చోటా కనీసం రెండు నిమిషాల ఒట్టి నిశ్శబ్దం, లోపలిదీ బయటిదీ, విడిగా రికార్డు చేయండి. వానాకాలంలో కప్పలు, శీతాకాలంలో కీచురాళ్ళు, కొబ్బరాకు గాలి, పంటు గొలుసు, ఏరియేటరు హోరు, అది ఆగిన తర్వాతి నిమిషం, నక్కలు, తీతువు, ఇవన్నీ మా దగ్గర ఉన్నాయి. అడిగినవాళ్ళకు ఉచితంగా ఇస్తాం. బదులుగా తోడేలును తీసేయండి.

8. ఈ లేఖకు జవాబు ఇవ్వండి. ఒప్పుకోని అంశాలు ఉంటే ఏవి, ఎందుకు అన్నది రాయండి. సంక్రాంతి తర్వాత తోటల్లో మళ్ళీ మీ షూటింగులు మొదలయ్యేలోపు జవాబు రాకపోతే, నాలుగు, అయిదు, ఆరు అంశాలకు కాగితం మీద ఒప్పుకోని యూనిట్లకు ఇళ్ళు, పడవలు, మనుషులను చూసిపెట్టే పని మేము చేయం. కూలి పోతుందని తెలిసే ఈ మాట రాస్తున్నాం.

ఇట్లు,
గోదావరి డెల్టాలో సినిమా పని చేసేవాళ్ళం, సినిమా చూసేవాళ్ళం